కదలని కారు

గుండ్రని దీపములును, ఉబ్బెత్తు మడ్‌గార్డులును, ఎత్తైన కప్పును గల అంబాసిడరు కారును మీరు చూచియే యుందురు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాదిరిగా గైకొని, హిందుస్థాన్ మోటార్సు వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో 1957-58 ప్రాంతమున దీనిని నిర్మింప నారంభించిరి. 2014 మే నెలలో ఆ కర్మాగారమున దీని నిర్మాణము నిలిచిపోయినది. నడుమ గడచిన అర్ధశతాబ్దికి పైబడిన కాలమున మంత్రులును, కలెక్టర్లును, వైద్యులును, టాక్సీ డ్రైవర్లును దీనినే నమ్ముకొనిరి. పెండ్లివారు పదిమంది దీనిలో సర్దుకొని కూర్చుండి ప్రయాణము చేయుటయు మన పల్లెలలో వింత కాదు.

ఇప్పుడు ఈ కారును ఇష్టముతో కాపాడుకొనువారు కొందఱు కలరు. ఏబది సంవత్సరములు దాటి, తొలి రూపు చెడని వాహనములను ‘వింటేజి’ వాహనములుగా ప్రత్యేకముగ నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నియమములను గూడ ఏర్పఱచెను. అయితే ఇట్టి కారు ఒకనాటి ఉదయమున కదలక మొండికెత్తినచో యజమానికి కలుగు చిక్కు సామాన్యమైనది కాదు. నేటి కార్లలో పెట్రోలును కొలిచి చిమ్ముటకు కంప్యూటరు కలదు. లోపము కలిగినప్పుడు అది ఒక సంకేతాంకమును తనలో వ్రాసి యుంచుకొనును. మెకానిక్కు తన పరికరమును తగిలించి దానిని చదువుకొనును. పాత కారు అట్లు వ్రాసి యీయదు. అది చప్పుళ్లతోను, వాసనలతోను, రంగులతోను మాత్రమే మాటాడును. ఆ భాష నెఱిగిన మెకానిక్కులు నేడు అరుదగుచున్నారు. ఎఱుగనివాని చేతిలో పడిన కారునకు మొదట కార్బొరేటరు, పిమ్మట కాయిలు, ఆపైని పంపు క్రొత్తవి కొనుట జరుగును. డబ్బు వ్యయమగును, కారు మాత్రము కదలదు. తుదకు విసిగిన యజమాని దానిని పాత ఇనుము కొనువానికి తూచి యిచ్చివేయును. చిన్న రబ్బరు ముక్క చెడిన కారణమున ఒక మంచి కారు ఇట్లు రూపుమాసిపోవుట విచారకరము.

ఇంజను నడచుటకు కావలసినవి నాలుగు. పెట్రోలు ఆవిరియై గాలితో తగిన పాళ్లలో కలియవలెను. ఆ మిశ్రమమును పిస్టను గట్టిగా నొక్కవలెను. నొక్కబడిన మిశ్రమమునకు సరియైన క్షణమున నిప్పురవ్వ తగులవలెను. కాలిన పొగ వెలికి పోవలెను. తూకమున పెట్రోలు ఒక పాలైనచో గాలి సుమారు పదునైదు పాళ్లు కావలెను. చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు గాన, అప్పుడు పెట్రోలు పాలు కొంచెము హెచ్చింపవలసి యుండును. చోకు అను మీట ఉన్నది అందుకొఱకే. 1959 నుండి అంబాసిడరులో అమర్చబడిన 1,489 ఘనసెంటీమీటర్ల ఇంజనునకు సిలిండర్లు నాలుగు. అది నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు నాలుగింటికిని కలిపి నిమిషమునకు 6,000 నిప్పురవ్వలు, అనగా సెకండునకు నూఱు, క్రమము తప్పక పుట్టవలెను. ఇది తెలిసిన పిమ్మట, కారు ఒకప్పుడు ఆగిపోవుట కంటె అది ప్రతిదినము నడచుటయే నాకు ఎక్కువ ఆశ్చర్యకరముగా తోచుచుండును.

పిస్టను రింగులు, వాల్వులు అరిగి నొక్కుడు బలము తగ్గుట నెలల తరబడి జరుగు పని. కావున నిన్న సాయంకాలము వఱకు చక్కగా నడచి నేటి ఉదయమున కదలని కారు విషయమున అనుమానింపవలసినవి ముఖ్యముగా రెండు: నిప్పురవ్వ, పెట్రోలు. ఈ రెంటిని విడదీయకముందే దేనినైనను విప్పువాడు చీకటిలో కఱ్ఱ త్రిప్పువానివంటివాడు.

దీనికి ముందొక చిన్న ప్రశ్న కలదు. తాళము త్రిప్పినప్పుడు ఇంజను తిరుగుచున్నదా? తిరుగనిచో ముందటి దీపములను వెలిగించి మరల సెల్ఫ్ కొట్టవలెను. దీపములు వెలవెలబోయినచో బాటరీ బలము తగ్గినదనియో, బాటరీ కొనల యందలి బిగింపు వదులైనదనియో తలంపవచ్చును. ఆ కొనల మీద తెల్లగానో పచ్చగానో పట్టిన పిండివంటి పదార్థమును గోకి, బిగించినంతనే లేచిన కార్లు లెక్కలేనన్ని. దీపములు ఏమాత్రము తగ్గక వెలుగుచుండి, ఇంజను మాత్రము తిరుగకున్నచో విద్యుత్తు సెల్ఫ్ మోటారు వఱకు పోవుటయే లేదని గ్రహింపవలెను. వేఱొక బాటరీని తెచ్చి కలుపువారు ఒక సంగతి మఱవరాదు. పాత ఇంగ్లీషు పద్ధతి కార్లలో కొన్నింటికి బాటరీ ధనధ్రువమును కారు ఇనుప దేహమునకు కలుపుట ఆచారము. నేటి పద్ధతి దీనికి విరుద్ధము. చూడక కలిపినచో కీడు కలుగును.

సెల్ఫ్ మోటారు పుట్టకముందు అందఱును ముందునుండి హాండిలు త్రిప్పియే ఇంజనును లేపెడివారు. చార్లెస్ కెట్టరింగు అను అమెరికా దేశపు ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లతో వాడుకలోనికి వచ్చెను. అయినను పాత కార్లకు హాండిలు సదుపాయము చాలకాలము నిలిచియుండెను. దానిని త్రిప్పునప్పుడు గేరు న్యూట్రలులో ఉంచి, చేతిబ్రేకు వేయవలెను. బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉండవలెను గాని హాండిలును చుట్టి పట్టరాదు. క్రిందినుండి పైకి లాగవలెనే కాని పైనుండి క్రిందికి నొక్కరాదు. ఇంజను ఎదురుతన్నినచో బొటనవ్రేలు గాని మణికట్టు గాని విఱుగును.

ఇంజను చుఱుకుగా తిరుగుచున్నను అంటుకొనకున్నచో ప్లగ్గులను చూడవలెను. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టిన పిమ్మట ఒక ప్లగ్గును విప్పి చూడగా అది పెట్రోలుతో తడిసియున్నదా, పొడిగానున్నదా? తడిసినచో పెట్రోలు వచ్చుచున్నది, నిప్పు లేదు. పొడిగానున్నచో పెట్రోలు రాకుండుటకే అవకాశము హెచ్చు. ఒక్క చూపుతో సగము అనుమానము తీఱినది గదా! పొడిగాను నల్లని మసితోను ఉన్న ప్లగ్గు పెట్రోలు పాలు మితిమీఱినదని చెప్పును. బిస్కత్తు రంగున నున్న ప్లగ్గు ఇంజను ఆరోగ్యమునకు గుఱుతు.

నిప్పురవ్వను పరీక్షించుటకు వేఱొక మంచి ప్లగ్గును తీగకు తగిలించి, దాని ఇనుప భాగము ఇంజనుకు తగులునట్లు ఉంచి, మఱియొకరిచే సెల్ఫ్ కొట్టింపవలెను. ప్లగ్గును చేతితో పట్టుకొనరాదు. రబ్బరు పిడి గల పట్టకారుతో పట్టవలెను. ఏలననగా బాటరీలోని 12 వోల్టులను కాయిలు వేల వోల్టులుగా మార్చుచున్నది. దగ్గఱలో పెట్రోలు చిందియుండరాదు. నీలితెలుపు రంగున చిటచిటమను రవ్వ మంచిది; పసుపుపచ్చని బలహీనపు రవ్వ చాలదు. అసలు రవ్వయే లేనిచో డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లను చూడవలెను. ఇవి ఎదురెదురుగా నుండు రెండు చిన్న లోహపు బిళ్లలు. ఇవి విడిపోవు క్షణముననే కాయిలులో పెద్ద వోల్టేజి పుట్టును. విడిపోయినప్పుడు వీని నడుమ ఎడము 0.014 నుండి 0.016 అంగుళముల వఱకు ఉండవలెను. ప్లగ్గు ఎడము 0.025 అంగుళము. పాయింట్లు మాడి గుంటలు పడినచో కండెన్సరును గూడ అనుమానింపవలెను. వానకాలపు ఉదయములలో డిస్ట్రిబ్యూటరు మూత లోపల పట్టిన చెమ్మయే పెక్కు కార్లను నిలిపివేయును. పొడిబట్టతో తుడిచిన చాలును, ఒక పైసా వ్యయము లేదు.

నిప్పు బాగుగా నున్నదని తేలినచో పెట్రోలు నడచు దారిని వెదకవలెను. వెనుక నున్న టాంకునుండి పెట్రోలు సన్నని గొట్టము ద్వారా ముందునకు వచ్చి, పంపును చేరి, అటనుండి కార్బొరేటరునకు పోవును. మన మెకానిక్కులలో కొందఱు దీనిని ‘కార్పొరేటరు’ అందురు. పురపాలక సంఘ సభ్యునికిని దీనికిని చుట్టఱికము లేదు. పంపులు రెండు విధములు. ఇంజను ప్రక్కన బిగింపబడి దాని కదలికచేతనే పనిచేయునది ఒకటి. విద్యుత్తుచే టక్కుటక్కుమని కొట్టుకొనునది మఱియొకటి. మొదటి దానిలో డయాఫ్రము అను పలుచని పొర పైకి క్రిందికి ఆడుచు పెట్రోలును పీల్చి నెట్టుచుండును. ఆ పొర చిరిగినచో పంపు చచ్చినదే. కార్బొరేటరులో ఒక చిన్న తొట్టి కలదు. మేడమీది నీళ్లతొట్టిలో బంతి తేలి కొళాయిని మూసివేయునట్లే, ఇందులో ఫ్లోటు తేలి సూది వంటి వాల్వును మూయును. తొట్టిలోని పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రమునుండి గాలిలోనికి చిమ్మబడును. ఆ రంధ్రమునకు ఇసుకరేణువంతటి నలుసు చాలును.

ఈ దారిలో లోపము ఎచ్చటనున్నదో కనుగొనుటకు మొదటినుండి తుదివఱకు అన్నిటిని విప్పనక్కఱలేదు. నడుమనే ప్రశ్నింపవలెను. ఇంజను చల్లాఱిన పిమ్మట, బహిరంగ స్థలమున, కాయిలునుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు తీగను తీసి, నిప్పురవ్వ పుట్టకుండ దాని కొనను ఇంజను లోహమునకు గట్టిగా ఆనించి, కార్బొరేటరు వద్ద గొట్టమును విప్పి దాని కొనను సీసాలో ఉంచవలెను. బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఆ చాయలకు రాకూడదు. పెట్రోలు కంటె దాని ఆవిరి ప్రమాదకరము. అది గాలికంటె బరువైనది గాన నేలవెంట పాకిపోయి దూరముననున్న నిప్పును గూడ అందుకొనును. తరువాత సెల్ఫ్ కొట్టించినప్పుడు సీసాలో పెట్రోలు ధారగా ఎగిరెగిరి పడినచో టాంకు, గొట్టము, పంపు నిర్దోషులు, దోషము కార్బొరేటరుదే. పడనిచో కార్బొరేటరును తాకవలసిన పని లేదు. అప్పుడు టాంకు మూత తీసి, పంపునకు వచ్చు గొట్టమును విప్పి, దానిలోనికి సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టవలెను. టాంకులో గుడగుడమను చప్పుడు వినవచ్చినచో గొట్టము మూసికొనిపోలేదు. నోటితో పెట్రోలు పీల్చు అలవాటు మన డ్రైవర్లలో చాలమందికి కలదు. అది మిక్కిలి చెడ్డది. గుటక పడిన పెట్రోలు కంటె ఊపిరితిత్తులలోనికి జాఱిన కొలది చుక్కలే ఎక్కువ హాని చేయును.

పంపును దూషించుటకు ముందు రబ్బరు గొట్టమును వంచి చూడవలెను. టాంకునకును పంపునకును నడుమ అది బీటలు వారినచో వెలికి ఒక్క చుక్కయు కాఱకపోవచ్చును; కాని పంపు పెట్రోలునకు బదులు గాలిని పీల్చుకొనును.

ఇక అన్నిటికంటె మోసపుచ్చు లోపమొకటి కలదు. ఒక సందర్భమును ఊహింపుడు. వృద్ధురాలగు రోగినొకతెను పాత అంబాసిడరులో ఏలూరునుండి విజయవాడ ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నారు. బయలుదేఱిన పదునైదు కిలోమీటర్లకు కారు రెండుమూడు మాఱులు వెనుకాడి ఆగిపోయినది. డ్రైవరు బానెట్టు తెఱచి, ప్లగ్గులు తీసి తుడిచి బిగించెను. కారు లేచెను. ‘ప్లగ్గులలో మసి’ అని అతడు చెప్పెను. మఱి పదునైదు కిలోమీటర్లకు మరల ఆగినది. ఈసారి పాయింట్లు రుద్దెను, కారు లేచెను. మూడవసారి కార్బొరేటరు విప్పి ఊదెను, అప్పుడును లేచెను. మూడు పనులును ఫలించినట్లే కనబడినవి, కాని మూడింటిలో ఏదియు ఫలింపలేదు. వెనుక కూర్చున్న రోగి మనుమడు, “అన్నా, నీవు పని చేసిన ప్రతిసారియు పది నిమిషములు గడచినవి. ఏమియు చేయక పది నిమిషములు ఊరకున్నచో ఏమగును?” అని యడిగెను. నాలుగవసారి ఆగినప్పుడు డ్రైవరు బానెట్టు జోలికి పోలేదు. వెనుకకు పోయి టాంకు మూతను త్రిప్పెను. బుస్సుమని గాలి లోనికి దూఱెను. వెంటనే సెల్ఫ్ కొట్టగా ఇంజను లేచెను.

జరిగినదేమి? పెట్రోలు తఱిగినకొలది దాని స్థానమున గాలి టాంకులోనికి రావలెను. దానికై మూతలో ఒక చిన్న రంధ్రముండును. అది ధూళిచే పూడిపోయినను, పోయిన మూతకు బదులు రంధ్రములేని మూత పెట్టినను, టాంకులో గాలి పలుచనగును. పంపు ఎంత పీల్చినను పెట్రోలు కదలదు. కారు ఆగియున్న పది నిమిషములలో సందులగుండ కొంత గాలి మెల్లగా లోనికి చేరును. ఓపికతో గడచిన ఆ పది నిమిషములే వైద్యము చేసినవి. పేరు మాత్రము ప్లగ్గులకును పాయింట్లకును దక్కినది.

అయితే కొంతసేపు ఆగి మరల లేచు ప్రతి కారునకు మూతయే కారణమని తీర్మానింపరాదు. వేడెక్కినప్పుడు మాత్రమే చెడి, చల్లాఱగానే బాగుపడు కాయిలును, కండెన్సరును గూడ ఇదే వేషము వేయును. వీనిని పట్టుకొనుటకు ఉపాయము ఒక్కటే: కారు ఆగిన క్షణముననే పరీక్షింపవలెను. మొదట మూత తీసి సెల్ఫ్ కొట్టుట. లేవనిచో వెంటనే నిప్పురవ్వను చూచుట. అరగంట టీ త్రాగి వచ్చి పరీక్షించువానికి కాయిలు నిర్దోషిగానే కనబడును.

మూడవ వేషధారి ఎండ. పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత వద్ద మఱుగు పదార్థము కాదు. దానిలోని తేలిక భాగములు సుమారు 35 లేక 40 డిగ్రీల సెంటీగ్రేడునకే మఱుగనారంభించును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే నెలలో నీడలోని గాలియే ఆ వేడిని దాటును. అట్లయిన బానెట్టు క్రింద ఎట్లుండునో చెప్పనక్కఱలేదు. గొట్టములోని పెట్రోలు బుడగలుగా మాఱగా, పంపు ఆ బుడగలనే నొక్కుచు వదలుచు వృథాగా ఆడుచుండును. దీనిని మన డ్రైవర్లు ‘ఎయిర్ లాకు’ అందురు. పంపు మీద తడిగుడ్డ చుట్టుట వారు కనిపెట్టిన చికిత్స. చదువుకొన్నవారు దీనిని చూచి నవ్వుదురు గాని ఇది శాస్త్రసమ్మతమే. నీరు ఆవిరి యగునప్పుడు వేడిని తీసికొనిపోవును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇట్లే గదా. కాగిన ఇంజను దిమ్మ మీద మాత్రము చన్నీళ్లు క్రుమ్మరింపరాదు, ఇనుము పగులవచ్చును.

లేవని కారును లేపవలెనను తొందరలో చోకు లాగి, ఎక్సిలరేటరును పదేపదే త్రొక్కి, ఇంజనును పెట్రోలులో ముంచివేయుట మఱియొక తరచు తప్పు. ఘాటైన పెట్రోలు వాసన వచ్చినచో చోకును పూర్తిగా లోనికి నెట్టి, ఎక్సిలరేటరును అడుగువఱకు ఒక్కసారి త్రొక్కిపట్టి, కదల్పక సెల్ఫ్ కొట్టవలెను. ఎక్కువ గాలి లోనికి పోయి తడిని ఆర్చును.

నెలల తరబడి నిలిపియుంచిన కారు సంగతి వేఱు. పెట్రోలులోని తేలిక భాగములు ఎగిరిపోయి, మిగిలినది జిగురుగా మాఱి జెట్టులను పూడ్చివేయును. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల ఇథనాలు కలిపి అమ్ముట వ్యాపించినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హెచ్చినచో అది ఇథనాలుతో కూడి టాంకు అడుగున వేఱుగా చేరును. పాతకాలపు రబ్బరు గొట్టములును, డయాఫ్రములును ఈ మిశ్రమమునకై చేసినవి కావు గాన ఉబ్బి మెత్తబడవచ్చును. ఇట్టి కారు గలవారు ఇథనాలునకు తట్టుకొను గొట్టములను ముందుగానే మార్చుకొనుట మేలు.

అట్టి కారును లేపదలచినప్పుడు పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, టాంకు అడుగున నీరు, త్రుప్పు లేకుండ చూచి, ఫిల్టరు మార్చి, కార్బొరేటరు తొట్టిని కడిగి, జెట్టులలో గాలి కొట్టవలెను. జెట్టులో ఇనుపతీగ దూర్చరాదు. రంధ్రము పెద్దదై అటుపై పెట్రోలు కొలత తప్పును. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి, హాండిలుతో మెల్లగా నాలుగు చుట్లు త్రిప్పి, ఇంజను పట్టివేయలేదని నిశ్చయించుకొనవలెను. పిదప ప్లగ్గులు బిగించి, క్రొత్త పెట్రోలు కొలదిగా పోసి, ప్రతి అతుకును వ్రేలితో తడవి కాఱుట లేదని చూచి, చోకు లాగి సెల్ఫ్ కొట్టవలెను. ఒకటి రెండు మాఱులు దగ్గి, నీలిపొగ కక్కి, ఇంజను అంటుకొనును. అప్పుడు చోకును ఒక్కసారిగా నెట్టివేయక, ఇంజను వేడెక్కుచున్నకొలది కొంచెము కొంచెముగా లోనికి త్రోయవలెను.